నడిమి మడత

“హనుమండ్లూ, గిటు రా!”

మరమగ్గాల షెడ్డులో సాంచెల చప్పుడును మించి కరుణాకర్ సేటు కేక వినబడేసరికి హనుమండ్లు తన సాంచె ఆపి వచ్చాడు. టేబుల్ మీద వారపత్రిక నడిమి పేజీలు తెరిచి ఉన్నాయి. ఈ షెడ్డులోనే తన వేలు తెగిందని, సేటు దవాఖానకు కూడా తీసుకుపోలేదని పత్రికవాళ్లకు తనే చెప్పాడు. వాళ్లు పొల్లుపోకుండా వేశారు, బొమ్మ కింద చీమ తలకాయలంత అక్షరాల్లో. ఇక పని ఊడినట్టే.

“ఏం పెట్టిండ్రురా బొమ్మ! రెండు పేజీల నిండ నీ చెయ్యి, నా రంగుల దారాలు. పొద్దుగాల్నుంచి ఇరవై మంది సూసిండ్రు. కండ్లు తిప్పుకుంటలేరు.”

“కింద రాసింది సదివినవా సేటూ?”

“గింత మంచి బొమ్మున్నంక సదువుడెందుకురా? కరీంనగర్ల ఫ్రేము కట్టిస్త. జర పిన్నులు తీసియ్యి.”

బతికిపోయాననుకున్నాడు హనుమండ్లు. ఇరవై మందిలో ఒక్కడూ చదవలేదని తట్టేసరికి ఆ సంతోషం కాస్తా చేదైంది. పిన్నులు ఊడదీసి, మడతను అరచేత్తో సాపు చేశాడు.

సేటు మొహం చిట్లించాడు. “గిదేంది, నడుమ వేలు లేదు? ఇంతసేపు మడతల వడి కనబడలే. డిజైను చేసినోడు ఖరాబు చేసిండు గదరా!”

హనుమండ్లు తన చెయ్యి చాపి బొమ్మ పక్కన పెట్టాడు.

“డిజైన్ల తప్పు లేదు సేటూ. జర కింద సదువు.”