ఎర్ర చీటీ

ఆ ఆసుపత్రిలో గర్భిణుల ఫైళ్లు రెండు రకాలు. ఎర్ర చీటీ అంటించినవి, అంటించనివి. చీటీ ఉంటే పెద్ద డాక్టరమ్మ స్వయంగా చూస్తుంది, అదీ అందరికంటే ముందు. లేకపోతే మధ్యాహ్నం దాకా బెంచీ మీద కూర్చుని, ఏ చిన్న డాక్టరు పిలిస్తే ఆ గదిలోకి వెళ్లాలి.

ఈ గుట్టు, కడుపుతో ఉన్న కూతురిని చూపించడానికి వచ్చిన కండక్టరమ్మకు అరగంటలో అర్థమైపోయింది. ఇరవై ఆరేళ్లు బస్సులో టిక్కెట్లు కొట్టిన మనిషి. సీటు ఎవరికి ఎలా దొరుకుతుందో ఆమెకు ఒకరు చెప్పాలా? ముఖం చూసి టిక్కెట్టు లేనివాణ్ణి పట్టేస్తుందని డిపోలో పేరు.

"ఇదే మొదటి కాన్పా?" నర్సు అడిగింది.

కూతురు నోరు తెరిచేలోపే కండక్టరమ్మ అందుకుంది. "ఎక్కడి మొదటిదమ్మా! రెండు పోయాయి. ఇదైనా నిలుస్తుందో లేదోనని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఉన్నాం."

కూతురి ముఖం పాలిపోయింది. పిచ్చిపిల్ల ఎక్కడ నిజం కక్కేస్తుందోనని తల్లి ఆమె మోచేతి మీద గట్టిగా గిల్లింది. నర్సు జాలిగా చూసి, ఎర్ర చీటీ అంటించింది.

బయటికొచ్చాక కూతురు తల్లి కొంగు పట్టుకుని ఆపింది. "ఎందుకన్నావమ్మా ఆ మాట?"

"అడగందే అమ్మైనా పెట్టదే. అందరితోపాటు నిన్నూ ఆ బెంచీ మీద కూర్చోబెట్టమంటావా?"

"వాళ్లవి మాత్రం కడుపులు కావా?"

"వాళ్ల సంగతి వాళ్ల అమ్మలు చూసుకుంటారు. అయినా అన్నంతమాత్రాన అయిపోతుందా? మనింట్లో కడుపు నిలవని ఆడది పుట్టలేదు, తెలుసా!"

కూతురు మళ్లీ ఆ ఊసెత్తలేదు. పెళ్లయ్యాక నాలుగేళ్లు వేరే ఊళ్లో కాపురం చేసి, ఐదో నెలలో తల్లి దగ్గరికి వచ్చిన పిల్ల. తల్లి ఎక్కడికి రమ్మంటే అక్కడికి వచ్చేది.

చీటీ బాగానే పనిచేసింది. వెళ్లిన ప్రతిసారీ ముందు పిలుపు వీళ్లకే. కాళ్లు వాచి బెంచీ మీద కూర్చున్నవాళ్లను దాటుకుని వెళ్లేటప్పుడు మాత్రం కండక్టరమ్మ తల పక్కకు తిప్పుకునేది.

ఎనిమిదో నెల దాటింది. డాక్టరమ్మ ఫైలు చూసి పెన్ను తీసింది.

"బిడ్డ బాగానే ఉంది. కానీ ఇదివరకు రెండు పోయాయి కదా, నొప్పులొచ్చేదాకా ఆగను. సోమవారం ఆపరేషన్ చేసి తీసేద్దాం."

కండక్టరమ్మ గబుక్కున లేచి నిలబడింది. తన నోటిదురదకు నిక్షేపంలాంటి పిల్లను కోస్తారా? నెలలు నిండని బిడ్డను బయటికి తీస్తారా? పరువు పోతే పోయిందనుకుంది.

"నా నోరు పడిపోనూ, డాక్టరమ్మా! ఏవీ పోలేదు. ముందు చూస్తారని అబద్ధమాడాను. దీనికిదే మొదటిది. నన్ను ఎన్నైనా తిట్టండి, పిల్లను మాత్రం కోయకండి."

డాక్టరమ్మ కళ్లజోడు తీసి కూతురి వైపు చూసింది. "నిజమేనా?"

కూతురు తల్లి చెయ్యి పట్టుకుంది.

"అమ్మ చెప్పింది అబద్ధమే డాక్టర్, పోయినవి రెండు కాదు... మూడు."