నల్ల గీత

"ఛీ! మళ్లొచ్చింది. అచ్చం చావు కార్డు లెక్కుంది!" సత్తెమ్మ ముఖం తిప్పుకుంది. మా ప్రింటింగ్ షాపు కంప్యూటర్ తెర మీద ఆమె కూతురి పెళ్లి కార్డు. ప్రతి పేరా చుట్టూ నల్ల గీత.

"మూడుసార్లు తీసిన అక్కా. ఎంటర్ కొడితే మళ్ల వస్తుంది," అన్నాడు మా ఆయన కరుణ్.

"ఇగ వద్దు. ఆరాంఘర్‌ల వేరే షాపుల కొట్టిస్త." ఆమె లేచింది.

నేను ఆయన్ను పక్కకు జరిపి, ప్రతి పేరా ఎలా కనపడాలో ముందే నిర్ణయించే పేరా స్టైల్ తెరిచాను. గీత అందులోనే ఉంది.

"ఏ ఫైల్ ఇది?"

"పాల్మాకుల పెద్దాయన సంస్మరణ కార్డు. కొలతలు సరిపోయినయని దాని మీదనే కొట్టిన."

"థూ! పోయినోని కార్డు మీద నా బిడ్డ పేరా?"

నాకూ రోత పుట్టింది. "ఇంకెన్ని పెండ్లి కార్డులు గిట్ల కొట్టినవ్?"

కరుణ్ నేలచూపులు చూశాడు. "ఒక్కటే. మనది. గీతలు ఒక్కొక్కటే తీసిన."

గడప దాటబోతున్న సత్తెమ్మ ఆగింది. "పెండ్లయి ఎన్ని దినాలాయె?"

"ఇరవై, అక్కా," అన్నాడు కరుణ్.

"మంచిగున్నరా?"

కోపంగా ఉందామనుకున్నాను. నవ్వొచ్చేసింది. "పొద్దున ఒక్క కప్పు చాయ్ ఇద్దరం తాగినం అక్కా. ఇంకో కప్పు ఉండంగనే."

సత్తెమ్మ వచ్చి కూర్చుంది. "గా గీత మాత్రం నువ్వే తియ్యి బిడ్డా."