పట్టు ఎప్పుడొస్తాది

"కత్తిపీట మీద పడిపోనాది మేడమ్. సెయ్యి తెగిపోనాది," అన్నాడు వెంకటసాయి. మా కాలేజీలో నేను ఆక్యుపేషనల్ థెరపీ గది తెరిచాక వచ్చిన మొదటి విద్యార్థిని అతని చెల్లెలు భరణి. ఆమె తలొంచుకుంది.

చేతికి తెలిసిన పనితోనే దెబ్బతిన్న చేతిని మళ్లీ కదిలించాలని మా చదువు చెబుతుంది. వాళ్లది పొందూరులో నూలు వడికే ఇల్లు కాబట్టి రాట్నం తెప్పించాను. ఇంటివాళ్లు పక్కనుంటే ధైర్యమని అన్ననూ కూర్చోమన్నాను.

అతను టీకి వెళ్తే దారం బారెడు సాగేది. వచ్చి కూర్చుంటే తెగేది. అన్న దగ్గర గారం పోతోందేమో అనుకున్నాను. వెళ్లేముందు మాత్రం భరణి రోజూ ఒకటే అడిగేది: "పట్టు ఎప్పుడొస్తాది మేడమ్?"

ఇవాళ మళ్లీ దారం తెగింది.

"ఒసే, సరిగ్గా లాగవే!" వెంకటసాయి ఆమె మణికట్టును కుట్ల మచ్చ మీదే పట్టి మెలితిప్పాడు. వదిలి, తన చెయ్యి బల్ల మీద ఆనించాడో లేదో, భరణి ఆ మచ్చ చేత్తోనే రాట్నానికున్న మొనదేలిన ఇనుప కదురు ఊడబెరికి అతని చేతిలో దిగ్గొట్టింది.

అతని కేకకు కారిడార్లో పిల్లలు పరుగెత్తుకొచ్చారు. పత్తి ఏకులు నెత్తుటితో తడిసిపోయాయి.

"ఫోన్లో మగోడి పేరు సూసి నువ్వు నరికినప్పుడు నానూ ఇలాగే అరిసినాను, అన్నా."

ముందు ఎవరి చెయ్యి పట్టుకోవాలో నాకు తోచలేదు.

కదురు వదలకుండానే భరణి నావైపు తిరిగింది.

"పట్టు వచ్చినట్టేనా మేడమ్?"