ఐదు చుక్కల కారు

"లీటరుకి ఇరవై ఆరు ఇచ్చిద్దంట అత్తా! ఇంకేం కావాలి?" అన్నాడు శ్రీకృష్ణ, తెల్ల కారు బానెట్ మీద చెయ్యేసి.

"గుద్దితే ఏం ఇచ్చిద్దో అడుగు బాబూ," అంది సుబ్బరావమ్మ.

ఒంగోలు షోరూంలో ఏసీ చల్లగానే ఉంది. అయినా శ్రీకృష్ణకి చెమటలు పడుతున్నాయి. పొద్దున దర్శిలో బయల్దేరినప్పటి నుంచీ ఇదే వరస. అతను మైలేజీ అంటాడు, ఆమె ప్రాణం అంటుంది.

సేల్స్‌మన్ శశిభూషణ్ మొదట్లో సార్ సార్ అంటూ శ్రీకృష్ణ చుట్టూనే తిరిగాడు. కాసేపటికి పెత్తనం ఎవరిదో కనిపెట్టేశాడు. కాఫీ కప్పు తెచ్చి ముందు సుబ్బరావమ్మ చేతికిచ్చాడు.

"అల్లుడుగారికి కొనిపెడుతున్నారా అమ్మా?"

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. "ఎవరికైతే ఏంలేవయ్యా. ఈ తెల్లదానికి ఎన్ని చుక్కలొచ్చాయి?"

"చుక్కలేంటండీ?"

"గోడకేసి గుద్ది చూసి మార్కులేస్తారంటగా. నా మనవరాలు ఫోన్లో చూపించింది. అయ్యి."

శశిభూషణ్ గొంతు తగ్గించాడు. "దీనికి రెండు స్టార్లండీ. అయినా మన రోడ్ల మీద అంత స్పీడు ఎవరెళ్తారమ్మా?"

"మా ఆటో ఎంత స్పీడులో పోయిందనుకున్నావ్?"

శ్రీకృష్ణ తల దించుకున్నాడు. ఆ ఆటో మాట్లాడి పంపింది అతనే. పోయినేడు మాఘమాసంలో, పద్నాలుగు మందిని కుక్కిన ఆటో సాగర్ కాలవ కట్ట మీద తిరగబడింది. వేగం నలభై కూడా లేదు. సుబ్బరావమ్మ చెయ్యి విరిగి బతికింది. పక్కనే కూర్చున్న ఆమె చెల్లెలు వెంకటేశ్వరమ్మ బతకలేదు.

ఆ రోజు నుంచి సుబ్బరావమ్మ ఆటో ఎక్కలేదు. తనవాళ్ళని ఒక్కరినీ ఎక్కనివ్వలేదు. ఎక్కితే కాళ్ళిరగ్గొడతానని నడివీధిలో నిలబడి చెప్పింది. బతిమాలినవాళ్ళకీ అదే మాట, బెదిరించినవాళ్ళకీ అదే మాట. ముసలిదానికి పిచ్చి పట్టిందన్నారు. పట్టిందనే చెప్పుకోండి పొమ్మంది.

"ఆ బూడిదరంగు దాని సంగతేంది?"

శశిభూషణ్‌కి ప్రాణం లేచొచ్చింది. "ఐదు స్టార్లమ్మా! ఆరు ఎయిర్‌బ్యాగులు. వెనక మధ్యలో కూర్చున్నవాళ్ళకి కూడా భుజం మీంచి బెల్టు ఉంటుంది."

"మైలేజీ?" అడిగాడు శ్రీకృష్ణ.

"పద్దెనిమిది సార్."

శ్రీకృష్ణకి ఏడుపొక్కటే తక్కువ. "అత్తా, రోజుకి నాలుగు సార్లు తిరగాలి. పెట్రోలు ఎంతయిద్దో నువ్వే ఆలోచించు."

"ఇంట్లో ఎంతమందమ్మా మీరు?" శశిభూషణ్ కల్పించుకున్నాడు.

"మేం ఎనిమిది మందిమి."

"అయితే ఏడు సీట్ల బండి చూపిస్తానండి. కాస్త సర్దుకుంటే..."

"సర్దుకునే పోయిందయ్యా నా చెల్లెలు!" ఆమె గొంతు షోరూమంతా మోగింది. అద్దాల గదిలో ఉన్న మేనేజరు కూడా తలెత్తి చూశాడు. "సర్దుకునేది లేదు. డ్రైవరు కాక నలుగురు. వాళ్ళని దింపొచ్చి ఇంకో నలుగురు. మనిషికో సీటు, సీటుకో బెల్టు."

ఏడు సీట్ల బండి ఖర్చు తప్పినందుకు శ్రీకృష్ణ ఊపిరి పీల్చుకున్నాడు. ఆశ మాత్రం చావలేదు.

"తెల్లదైతే రిపేరొచ్చినా దిగుల్లేదత్తా. మన దర్శిలో ఏ మెకానిక్కయినా చేస్తాడు. బూడిదరంగు దానికి ఒంగోలు పరిగెత్తాలి."

"బండికి మెకానిక్కు దొరుకుతాడు. మనిషికి దొరుకుతాడా?" అని, శశిభూషణ్ వైపు తిరిగింది. "పొద్దున ఆరింటికి తాళం తిప్పితే కదిలిద్దా, మొరాయించిద్దా?"

"కదులుతుందమ్మా. ఇంజనుకి ఐదేళ్ళ వారంటీ."

శ్రీకృష్ణ ఫోను మోగింది. అవతల అతని భార్య లక్ష్మీదుర్గ.

"ఒప్పుకుందా?"

"ఎక్కడే! ఆరు ఎయిర్‌బ్యాగులంటంది."

"ఏదో ఒకటి తేల్చండి. ఇక్కడ మబ్బేసింది."

అతను అద్దంలోంచి బయటికి చూశాడు. ఒంగోలు ఆకాశం కూడా ముసురుపట్టినట్టే ఉంది. అడకత్తెరలో పోకచెక్కలా నలిగిపోతున్నాడు పాపం.

"ఈసారి మిరప బాగుందా సార్?" పలకరింపుగా అడిగాడు శశిభూషణ్.

"ఎనిమిదెకరాలూ ఎర్రగా పండి చెట్టు మీదే ఉంది. వాన పడితే రంగుపోయి అంతా తాలుకాయే." శ్రీకృష్ణ కుర్చీలో కూలబడ్డాడు. "రాయండి. బూడిదరంగుదే రాయండి. బండి ఎప్పుడిస్తారు?"

"స్టాకులోనే ఉంది సార్. ఎల్లుండి మీ ఇంటి ముందుంటుంది."

కాయితాల మీద సంతకాలయ్యాయి. శశిభూషణ్ చేతులు జోడించాడు. "ఇంత పట్టుదల ఉన్న అత్తగారిని నేనెక్కడా చూళ్ళేదమ్మా. అల్లుడుగారంటే ఎంత ప్రాణం మీకు!"

సుబ్బరావమ్మ చెప్పులు బయట విడిచి బూడిదరంగు కారు వెనక సీట్లోకి ఎక్కింది. సరిగ్గా మధ్యలో కూర్చుంది. బెల్టు లాగి, క్లిక్కుమనేదాకా నొక్కింది. ఒకసారి గట్టిగా ముందుకు వంగి చూసింది. బెల్టు వదల్లేదు. చెల్లెలు గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి. కొంగుతో తుడుచుకుని, సంచిలోంచి ఫోను తీసింది.

"ఒసే సిద్దికా, మన కూలి ముఠా అంతటికీ చెప్పు, ఆటో ఎక్కేది లేదని మనం మొండికేస్తే ఆసామి దిగొచ్చి కారు కొన్నాడు, ఎల్లుండి నించి శ్రీకృష్ణబాబు చేలో మిరపకోతకి బెల్టులు పెట్టుకుని మరీ పోతన్నాం!"