పరారీలో డ్రైవరు

"తాగి కారు నడపడం నేరం గానీ, తాగి కారు వెనక సీట్లో నిద్రపోవడం నేరం కాదండీ" అన్నాడు లాయరు.

టైల్స్ షోరూం ఓనరుగారి మొహం చాటంత అయింది. అప్పటిదాకా ఆముదం తాగినట్టున్న మొహం అది.

ఆయనగారి ఘనకార్యం ఇదీ. ఎవరో బిల్డరిచ్చిన విందులో పీకలదాకా తాగాడు. ఇంటికి కారు తనే తోలుకుంటూ బయల్దేరాడు. మలుపు దగ్గర రోడ్డు వారగా నడిచిపోతున్న మనిషిని వెనక నుంచి గుద్దేశాడు. దిగాడు. పడ్డ మనిషిని చూశాడా? అబ్బే! బంపరు చూసుకున్నాడు. ఆనక కళ్లు తిరిగి, వెనక తలుపు తీసి సీట్లో కూలబడి గుర్రుపెట్టాడు. పోలీసులొచ్చి తట్టి లేపి, మూతి దగ్గర మిషను పెట్టి ఊదిస్తే ఆ మిషనే తూలిపడేంత అంకె వచ్చింది.

"గుద్దినప్పుడు ఎవరైనా చూశారా?" అడిగాడు లాయరు.

"పురుగు కూడా లేదండీ."

"మరి దెబ్బలు తిన్నవాడు?"

"ఎవడో అనామకుడు. ఒంటి మీద తెలివి లేదట. తలా మొహమూ అంతా కట్లేనట. జేబులో కాగితమ్ముక్క కూడా లేదట. ఇలాంటివాళ్లు రోడ్ల మీద ఎందుకు తిరుగుతారో, మన ప్రాణానికి!"

లాయరు ఆయన్ని అదోలా చూశాడు. వెంటనే సర్దుకున్నాడు. ఎంతైనా కక్షిదారు.

"మీకు డ్రైవరుండాలే?"

"వాడి ఊసెత్తకండి! విందు మధ్యలో బయటికొచ్చి తాళాలిమ్మంటే ఇవ్వనన్నాడండీ. 'వద్దు సార్, మీరు నడపొద్దు, నేను దింపుతాను' అని నాకే నీతులు! చెంప మీద ఒక్కటిచ్చి, తాళాలు లాక్కుని, ఇంటికి నడిచి పొమ్మన్నాను. లోపలికెళ్లి ఇంకో పెగ్గేస్తే గానీ నా ఒళ్లుమంట చల్లారలేదు. మర్నాటి నుంచీ వెధవ పత్తా లేడు. ఫోను కూడా ఆపేసుకుని కూర్చున్నాడు. తిన్న ఉప్పుకి విశ్వాసం ఉండక్కర్లా?"

"కొట్టడం ఎవరైనా...?"

"పార్కింగులో మేమిద్దరమే. వాడి సంచీ, లైసెన్సూ, టిఫిను డబ్బా ఇంకా కారులోనే ఏడిశాయి."

లాయరు కుర్చీలోంచి లేచిపోయాడు. "నా నెత్తిన పాలు పోశారు! కారు నడిపింది అతనే. గుద్దింది అతనే. భయపడి సామాన్లు కూడా వదిలేసి పరారయ్యాడు. తప్పు చేయనివాడు ఎందుకు పారిపోతాడు? మీరు, పాపం, వెనక సీట్లో నిద్రలో ఉన్నారు."

"అలా కాకపోతే?"

"కాకపోతే లైసెన్సు పోతుంది. జైల్లో చాప మీద పడుకోవాలి."

ఓనరుగారు చాపను ఊహించుకుని బెదిరిపోయాడు. మీరెలా చెబితే అలాగే అన్నాడు.

ఇంట్లో ఆయన భార్య మాత్రం గొణిగింది. "అన్యాయం కదండీ. ఒకసారి అతనింటికి మనిషిని పంపి కనుక్కోకూడదూ?"

"వాడిల్లెక్కడో నాకేం తెలుసు!"

నిజమే. ఏళ్ల తరబడి తెల్లారేసరికి గుమ్మంలో ఉండే మనిషి ఎక్కణ్ణుంచి వస్తాడో ఆయనగారికి తెలీదు. 'ఒరేయ్' అంటే పలికేవాడు. ఇంక అడ్రసెందుకు?

ఆ ఇంటి మనిషే మర్నాడు పొద్దున్న గేటు దగ్గరికొచ్చింది. డ్రైవరు భార్య. అంతకుముందూ వచ్చిందట గానీ వాచ్‌మనే తరిమేశాడు.

"అయ్యా, మా ఆయన్ని ఎక్కడికైనా పంపించారా? ఆ రోజు డ్యూటీకొచ్చినవాడు ఇంటికే రాలేదండీ."

"ఎక్కడ దాచావే వాణ్ణి?" ఒంటికాలి మీద లేచాడు ఓనరుగారు. "నా కారుతో మనిషిని గుద్ది పారిపోయాడు నీ మొగుడు! పోలీసులు వెతుకుతున్నారు."

"ఆయనా? కుక్క అడ్డమొస్తే కారాపి దిగే మనిషండీ..."

"నమ్మకపోతే స్టేషనుకెళ్లి అడుగు. ముందు నిన్ను లోపలేస్తారు."

ఆమె స్టేషన్ మాట వినగానే రెండడుగులు వెనక్కేసింది. కొంగు నోటికడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది. "దొంగ ఏడుపులు" అని ఓనరుగారు గేటు వేయించి కాఫీ తెమ్మన్నాడు.

విచారణ రోజున లాయరు విజృంభించాడు. కారులో దొరికిన లైసెన్సు చూపించాడు. టిఫిను డబ్బా చూపించాడు. తాగిన తన కక్షిదారు బుద్ధిగా వెనక సీట్లో కూర్చోవడం ఎంత బాధ్యత గల పౌరుడి లక్షణమో వివరించాడు. ఓనరుగారు ఇస్త్రీ చొక్కాలో, చేతులు కట్టుకుని, బోనులో నిలబడ్డాడు.

"డ్రైవరే నడిపాడని ప్రమాణం చేసి చెబుతారా?" అడిగింది మేజిస్ట్రేటు.

"కళ్లారా చూశానండీ."

"నిద్రపోతున్నారన్నారు మీ లాయరు."

ఓనరుగారి నోరు ఇక ఆగలేదు. "గుద్దిన చప్పుడుకి మెలకువొచ్చిందండీ. వాడు దిగాడు, పడ్డ మనిషిని చూశాడు, పరుగు లంకించుకున్నాడు. 'ఒరేయ్, ఆ మనిషిని ఆసుపత్రికి చేర్చరా' అని నేను అరుస్తూనే ఉన్నాను. ఆగితేగా!"

చెబుతుంటే తన మంచితనానికి తనకే కళ్లు చెమర్చాయి. లాయరు ముగ్ధుడైపోయాడు. ఇంత బాగా అతను కూడా నేర్పలేదు.

మేజిస్ట్రేటు అంతా రాయించి, ఆయన చేత సంతకం పెట్టించింది. ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది.

"ఇన్నాళ్లయినా ఆ డ్రైవర్ని ఎందుకు పట్టుకోలేదు?"

నేనూ అదే అడుగుతున్నానన్నట్టు ఓనరుగారు బోనులోంచి గుడ్లురిమాడు.

ఇన్‌స్పెక్టర్ లేచి నిలబడ్డాడు.

"అతనెక్కడికీ పారిపోలేదండీ, ఈ పొద్దున్నే ఆసుపత్రిలో కళ్లు తెరిచి తనెవరో చెప్పాడు, ఆ కారు కింద పడింది అతనే."