యజ్ద్ గాలి

"శుక్రవారం మా మామగారొస్తున్నారు. ఆయన ఒక్కసారి విసనకర్ర అడిగారంటే మీ బురుజు పడగొట్టించేస్తాను నాన్నగారూ," అన్నాడు నదీమ్.

"అడగరు," అన్నాడు సిరాజుద్దీన్.

ఏలూరు తంగెళ్ళమూడిలో ఆ బురుజు తెలియనివాళ్ళు లేరు. డాబా మీద తాటిచెట్టంత లేచి, నాలుగు పక్కలా నిలువు సందులతో నిలబడింది. పైన గాలిని పట్టి కింద గదిలోకి దించడం దాని పని. వీధివాళ్ళు మాత్రం దాన్ని సిరాజుద్దీన్ పొగగొట్టం అంటారు.

తివాచీలు నేసే వంశం. ముత్తాతల ముత్తాతలు పారశీక దేశంలో యజ్ద్ నుంచి వచ్చారని చెప్పుకుంటారు. సిరాజుద్దీన్ అటు తాడేపల్లిగూడెం దాటి ఎరగడు. అయినా యజ్ద్ గురించి నిన్ననే అక్కడ బస్సెక్కి వచ్చినట్టు చెబుతాడు. ఎడారిలో మట్టి ఊరు. ఎండ దిగకుండా ఇరుకు సందులు. వందల ఏళ్ళనాటి పెద్ద మసీదు, గుమ్మం నిండా నీలం పలకలు, పైన జంట మీనార్లు. కొండల నుంచి భూమి లోపలి కాలువల్లో నీళ్ళు. చలికాలపు మంచుగడ్డల్ని గడ్డి కప్పి ఎండలదాకా దాచే మట్టి గుమ్మటాలు. ఇంటింటికీ ఓ గాలి బురుజు.

"అన్ని సుఖాలున్నచోట మీవాళ్ళు ఎందుకుండలేదండీ?" అంటుంది భార్య కమరున్నీసా.

ఆయన వినపడనట్టు మళ్ళీ జంట మీనార్ల దగ్గర మొదలెడతాడు.

నదీమ్‌ది సెల్‌ఫోన్ల కొట్టు. ఏసీ పెట్టిస్తానన్నాడు. తండ్రి వినలేదు. తన మగ్గం అమ్మి బురుజు కట్టించాడు. మొదట్లో అందులోంచి వేడిగాలి దిగింది. దుమ్ము దిగింది. ఓ గోరింక దిగింది. వీధి వీధంతా నవ్వింది. సిరాజుద్దీన్ యజ్ద్ పేరెత్తడం మానేశాడు. తర్వాత అన్నం మానేశాడు.

ఉన్నట్టుండి ఓ మధ్యాహ్నం గది చల్లబడింది. అప్పటినుంచి రోజూ అంతే.

"కొత్త కదా. గాలికి దారి అలవాటవ్వాలి," అన్నాడు సిరాజుద్దీన్, అన్నం కలుపుకుంటూ.

నదీమ్ నమ్మలేదు. అందుకే ఈ పందెం.

శుక్రవారం వచ్చింది. రోహిణీ కార్తె. రోళ్ళు పగిలే ఎండ. కరెంటు లేదు. బురుజు కట్టిన మేస్త్రీ బాలస్వామే గునపం పట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు.

"కట్టమన్నా, కొట్టమన్నా కూలి కూలేనండి," అన్నాడు.

వియ్యంకుడు ఆరిఫ్ అత్తిలి నుంచి దిగాడు. భారీ మనిషి. భోజనంలో కోడికూర, వంకాయ.

"చేపల హన్నమ్మ రోజూ వస్తుంది. దాని తట్ట దించాలంటే ఇద్దరు పట్టాలి. మనింట్లో చేపల పులుసు మాత్రం ఉండదు," అని గొణిగాడు సిరాజుద్దీన్.

"మెత్తబడిపోయాయండీ. వెనక్కి పంపేశాను," అంది కమరున్నీసా.

తర్వాత బురుజు గది. గాలి దిగేచోట గోడకి కన్నాలు వదిలి పేర్చిన ఇటుకల జాలీ. దాని వెనక గూడంత కొట్టు. ఊరగాయ జాడీలు పెట్టుకుంటానని కమరున్నీసా దానికి తాళం వేసుకుంది. ఆరిఫ్ తివాచీ మీద చతికిలబడి ముక్కు ఎగబీల్చాడు.

"చేపల వాసనొస్తుందేంటి బావగారూ?"

"అది కొల్లేటికోట గాలండీ. దక్షిణం సందులోంచి దిగుతుంది."

జాలీలోంచి ఊక ఎగిరొచ్చి ఆరిఫ్ గడ్డంలో చిక్కుకుంది.

"మరి ఇదో?"

"గూడెం గాలి. అక్కడ రైసుమిల్లులు కదండీ. తూర్పు సందు."

"రెండూ ఒకేసారా?"

"నాలుగు సందులండీ మరి. యజ్ద్‌లో మావాళ్ళు ఊరికే కట్టలేదు."

నదీమ్ గుమ్మంలో నిలబడి మామగారి నుదురే చూస్తున్నాడు. ఎక్కడా చెమట చుక్క లేదు. కాసేపటికి ఆరిఫ్ కదిలాడు. చెయ్యెత్తాడు. అరుగు మీద బాలస్వామి లేచి గునపం భుజానికెత్తాడు.

"అల్లుడూ..."

"చెప్పండి మామగారూ. విసనకర్రా?"

"దుప్పటి."

బాలస్వామి గునపం దించేశాడు. నదీమ్ లోపలికెళ్ళి దుప్పటి తెచ్చాడు.

"సోమవారం అత్తిలి వచ్చెయ్యి మేస్త్రీ. మా డాబా మీదా ఒకటి లేపుదువుగాని," అన్నాడు ఆరిఫ్ ముసుగులోంచి.

సిరాజుద్దీన్ కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. "యజ్ద్‌లో కూడా ఇంత చల్లగా ఉండుండదండీ," అన్నాడు.

సాయంత్రం పెరటి గుమ్మం దగ్గర హన్నమ్మ ఖాళీ తట్ట నెత్తికెత్తుకుంటోంది. కమరున్నీసా అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"అత్తిలిలో నీలా రోజూ ఐసు దిమ్మ తెచ్చి జాలీ వెనక పెట్టిపోయే చుట్టాలెవరన్నా ఉన్నారా హన్నమ్మా, ఉంటే ఊక మాత్రం బాగా దులిపి తెమ్మను, మా ఆయన దాన్ని గూడెం గాలనుకుంటున్నారు."