తిట్ల వైద్యం

"అత్తయ్యగారూ, నన్ను గట్టిగా తిట్టండి," అంది అలేఖ్య, ఏలూరు ఆసుపత్రి నుంచి వస్తూనే.

స్కూటీ మీంచి పడి తలకు దెబ్బ తగిలినప్పటి నుంచీ ఆమెకు చిన్న శబ్దానికే తల తిరిగేది. భీమడోలంతా వినపడే గొంతున్న వెంకటనరసమ్మ, కోడలి కోసం నెలల తరబడి గుసగుసగానే మాట్లాడుతోంది.

"వైద్యం కోసం ఇన్నాళ్లూ ఇయర్‌ఫోన్లలో శబ్దాలు విన్నది చాలటండీ. ఇక ఇంట్లో పెద్ద శబ్దాలు అలవాటు చేసుకోమన్నారు డాక్టరుగారు."

నరసమ్మ నోరు తెరిచింది. "నిన్నెలా తిట్టనే, బంగారుతల్లీ?" అంది, మళ్లీ గుసగుసగానే.

అంతలో పేపరు చదువుకుంటున్న తన భర్త వరప్రసాదరావు ఆమె కంటబడ్డాడు.

"ఏవండీ! పొద్దస్తమానం ఆ పేపరేనా?"

కిటికీలోని పావురం ఎగిరిపోయింది. "నేనేం చేశానే?" అన్నాడాయన అదిరిపడి.

"తల తిరగలేదండీ!" అలేఖ్య అత్తగారిని వాటేసుకుంది.

ఆయన తన కుర్చీని వాళ్ల దగ్గరికి జరుపుకున్నాడు.

"ఇన్నాళ్లకి ఇల్లు ఇల్లులా ఉందమ్మా. రేపు కూడా ఇక్కడే కూర్చోనా?"